పెరట్లో ఆకాకర పాదు



వానాకాలం వస్తుంది. సంతలోకి ఆకాకర కాయలు వస్తాయి. చిన్న గంపలో పోసి పెడతారు. పచ్చగా ఉంటాయి. ఒంటి నిండా మెత్తని ముళ్ళు ఉంటాయి. అందరూ ఆగి చూస్తారు. ధర అడుగుతారు. కొంతమంది పావుకిలో కొంటారు. చాలామంది నిట్టూర్చి బెండకాయల గంప దగ్గరికి వెళ్ళిపోతారు.

ఇదే కాయను తెలంగాణలో బోడకాకర అంటారు. ఒడిశాలో కంకడ అంటారు. పేరులో కాకర ఉంది కాని చేదు ఉండదు. వేపుడు చేసినా, ఉల్లికారం పెట్టినా, పప్పులో వేసినా పిల్లలు మారు అడిగి తింటారు.

ఇంత మంచి కాయ ఎందుకింత ధర? దీన్ని సాగు చేసేవాళ్ళు తక్కువ. ఎక్కువగా అడవుల్లో, పాత కంచెల మీద దానంతట అదే పెరుగుతుంది. కోసుకొచ్చి అమ్ముతారు. కాని ఇది మన పెరట్లో కూడా పెరుగుతుంది. ఒకసారి దుంప నాటితే ఏళ్ళ తరబడి కాస్తుంది.

ఒక్క సంగతి తెలిసి ఉండాలి. ఆ సంగతి తెలియక ఒక ఇంట్లో ఏం జరిగిందో వినండి.

చేను నిండా పంట, వంటింట్లో పచ్చడి

పర్చూరుకూ చిలకలూరిపేటకూ నడుమ నల్లరేగడి నేలలు ఉన్నాయి. అటువంటి నేల మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక అత్తా కోడలూ ఉన్నారనుకోండి. వాళ్ళకు ఎకరం చేను ఉంది. సగం పత్తి, సగం మిరప. మిగతా రోజుల్లో ఇద్దరూ కూలికి పోతారు. వానాకాలంలో కలుపు తీస్తారు. ఆ తరువాత పత్తి తీతకు పోతారు. సంక్రాంతి వెళ్ళాక మిరపకాయల కోతకు పోతారు.

చేను నిండా పంట ఉంటుంది. ఇంట్లో కూరగాయ ఉండదు. కూలి డబ్బు వచ్చిన రోజు కూర. రాని రోజు పచ్చడి మెతుకులు. అందులోనూ మగవాళ్ళు, పిల్లలు తిన్నాక ఆడవాళ్ళకు మిగిలేది గిన్నె అడుగు.

హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎవరు ఏం తినాలో ఆ సంస్థ చెప్తుంది. 2024లో అది ఒక పుస్తకం వేసింది. పెద్దవాళ్ళు రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినాలని అందులో ఉంది. 400 గ్రాములు అంటే అర కిలోకు కాస్త తక్కువ. మన ఇళ్ళలో ఎంతమంది తింటున్నారు?

2019 నుంచి 2021 వరకు దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువగా ఉందని అందులో తేలింది. ఆకాకర ఒక్కటే రక్తం పట్టించదు. ఆకుకూరలు కావాలి. పప్పు, గుడ్డు కావాలి. ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఇనుము మాత్రలు మింగాలి. కాని పెరట్లో నాలుగు పాదులుంటే ఆడవాళ్ళ కంచంలో కూడా కూర పడుతుంది. డబ్బుల కోసం ఎవరినీ అడగనక్కరలేదు.

ఆరు దుంపలు

అత్త పుట్టిల్లు నల్లమల అడవి అంచున, ఎర్రగొండపాలెం వైపు. ఒక ఏడు మృగశిర కార్తెలో ఆమె తమ్ముడు వచ్చాడు. గోనె సంచిలో ఆరు దుంపలు తెచ్చాడు.

"అక్కా, ఇవి ఆకాకర దుంపలు. మా దొడ్లోవే. అడవిలో తవ్వినవి కాదు. ఐదు ఆడవి. ఒకటి మగది. మగదానికి ఎర్ర గుడ్డ కట్టా. చూసి నాటుకో" అన్నాడు. బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు.

అడవిలో తవ్వినవి కాదని అతను ఎందుకు చెప్పాడు? అడవిలో కాయ కోసుకుంటే తీగ మళ్ళీ ఏడు కాస్తుంది. దుంపే తవ్వుకుపోతే ఆ చోట ఇక తీగ రాదు. అందుకని దుంపలు కావాలంటే సాగు చేసేవాళ్ళ దగ్గరే తీసుకోవాలి.

కంద, చేమ, పెండలం అందరికీ తెలుసు. వాటిలో దుంపనే తింటాం. ఆకాకరలో దుంపను తినం. దుంపను దాచుకుంటాం. కాయను తింటాం.

కోడలు పెరట్లో చోటు చూసింది. పొద్దస్తమానం ఎండ తగిలే చోటు. గిన్నెలు తోమిన నీళ్ళు నిలిచే మూలను వదిలేసింది. అది మంచి పని. నల్లరేగడి నేల నీటిని పట్టి ఉంచుతుంది. నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళిపోతుంది.

ఇద్దరూ కలిసి ఆరు గుంటలు తీశారు. ఒక్కో గుంట అడుగు వెడల్పు, అడుగు లోతు. గుంటకూ గుంటకూ ఐదారు అడుగుల ఎడం. తవ్విన మట్టిలో సగం తీసేసి ఇసుక కలిపారు. చివికిన పశువుల ఎరువు ఒక్కో గుంటకు రెండు తట్టలు వేశారు. గుప్పెడు వేపపిండి కలిపారు. గుంట నింపి, పైన జానెడు ఎత్తున మట్టి దిబ్బ చేశారు. వాన నీళ్ళు దిబ్బ మీద నిలవవు. పక్కకు జారిపోతాయి.

దుంపకు ఒక కొసన మొలక కన్ను ఉంటుంది. ఆ కన్ను పైకి ఉండేట్టు పెట్టారు. రెండు మూడు అంగుళాల మట్టి కప్పారు. ఎక్కువ లోతు పెడితే మొలక పైకి రావడం కష్టం.

అంతా బాగానే చేశారు. ఒక్కటే తప్పు జరిగింది. నాటేటప్పుడు కోడలు దుంపలు శుభ్రం చేసింది. ఎర్ర గుడ్డ మురికిగా ఉందని విప్పి పారేసింది.

పనికిరాని తీగ

మూడు వారాలకు ఆరు మొలకలూ వచ్చాయి. తీగలు సాగాయి. కోడలు పందిరి వేసింది. నాలుగు మూలలా సుబాబుల్ గుంజలు పాతింది. పైన పాత పత్తి కట్టె పరిచి పురికొసతో కట్టింది. పైసా ఖర్చు కాలేదు. తీగలు పందిరి ఎక్కాయి.

శ్రావణ మాసంలో పసుపుపచ్చని పూలు పూశాయి. ఐదు తీగల మీద పువ్వు కింద చిన్న పిందె కనిపించింది. ఆరో తీగకు పిందె లేదు. ఒట్టి పూలే. అదే అన్నిటికన్నా ఎక్కువ పూసింది. చోటంతా ఆక్రమించింది.

ఒకరోజు కోడలు కలుపు పని నుంచి వచ్చింది. నడుం నొప్పిగా ఉంది. ఆ తీగను చూసింది.

"అత్తయ్యా, ఈ తీగ ఎందుకూ పనికిరాదు. ఒక్క పిందె లేదు. పూలు మాత్రం పందిరంతా. పీకేస్తున్నా" అంది.

"నీ ఇష్టం అమ్మాయ్" అంది అత్త.

కోడలు తీగను మొదట్లో పట్టుకొని లాగింది. తీగ తెగి చేతికి వచ్చింది. తీసుకెళ్ళి గేదె ముందు వేసింది.

ఆ తరువాత వారం రోజులు గడిచాయి. ఐదు తీగల పిందెలు పసుపుబారాయి. ఒక్కొక్కటిగా రాలిపోయాయి. రోజూ పొద్దున్నే పందిరి కింద రాలిన పిందెలు కనిపించేవి. కోడలు నీళ్ళు పోసింది. ఎరువు వేసింది. అయినా ఒక్క పిందె నిలవలేదు.

పక్కింటామె గోడ మీద నుంచి చూసింది. "మీ తీగలు గొడ్డు తీగలమ్మా. తీసి పారేయండి. బీర గింజలు ఇస్తా, వేసుకోండి" అంది.

కోడలు పార తెచ్చింది. అత్త అడ్డుపడింది.

"వద్దు. ఉండనీ. ఆ మాట అనొద్దు" అంది. ఆమె గొంతు వణికింది.

కోడలికి అర్థమైంది. అత్తకు పెళ్ళయిన ఏడేళ్ళకు గాని కడుపు పండలేదు. ఆ ఏడేళ్ళూ ఊరంతా ఆమెను ఆ మాటే అన్నారు. పేరంటానికి పిలవలేదు. తప్పు ఎవరిదో ఒక్కరూ అడగలేదు. కోడలు పార గోడకు ఆనించింది.

పోతుతాడు మాట

వినాయక చవితికి తమ్ముడు వచ్చాడు. పెరట్లోకి వెళ్ళి చూశాడు.

"ఏందక్కా ఇది? ఐదు తీగలే ఉన్నాయి. ఆరోది యాడ?" అన్నాడు.

"అది కాయలేదు బాబాయ్. పీకేశా" అంది కోడలు.

తమ్ముడు తల పట్టుకున్నాడు. తరువాత నవ్వాడు.

"అమ్మాయ్, ఊరి బయట తాటిచెట్లు చూశావా? అందులో పోతుతాడు కాస్తుందా?"

"కాయదు."

"పోతుతాడు ఒక్కటీ లేకపోతే పండుతాడుకు ముంజెలు వస్తాయా?"

కోడలు ఆలోచించింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

"ఆకాకర కూడా అంతే. మామూలు కాకర, బీర, సొర, గుమ్మడి తీగల్లో ఒకే తీగ మీద ఆడపువ్వు, మగపువ్వు రెండూ పూస్తాయి. ఆకాకరలో అట్టా కాదు. ఆడతీగ వేరు. మగతీగ వేరు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వు మీద పడాలి. అప్పుడే పిందె నిలిచి కాయ అవుతుంది. నువ్వు మగదాన్ని పీకేశావు. ఆడవి ఏం చేస్తాయి? పిందెలు వదిలేశాయి."

"అయితే ఇవి గొడ్డు తీగలు కావా?" అంది అత్త.

"కాయ పట్టకపోతే ఆడతీగదే తప్పని ఎట్టా అంటావక్కా?" అన్నాడు తమ్ముడు.

అత్త కాసేపు మాట్లాడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

అక్కలారా! ఇది తీగల సంగతి. మనుషుల సంగతి కూడా ఒక్కసారి తలచుకోండి. పిల్లలు పుట్టడం ఆలస్యమైతే భార్యాభర్తలు ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలని డాక్టర్లు చెప్తారు. లోపం ఇద్దరిలో ఎవరికైనా ఉండవచ్చు. పరీక్ష లేకుండా ఆడదాన్ని ఆ మాట అనడం అన్యాయం.

తమ్ముడు పార తీసుకున్నాడు. ఆరో గుంట దగ్గర మట్టిని మెల్లగా పక్కకు తీశాడు. తీగ తెగింది కాని దుంప నేలలోనే ఉంది. గట్టిగా, బాగా ఉంది.

"బతికే ఉందమ్మాయ్. మట్టి కప్పు. కాసిని నీళ్ళు పొయ్యి" అన్నాడు.

ఇరవై రోజులకు ఆ దుంప మళ్ళీ మొలక వేసింది. పూత పట్టేసరికి వానలు వెనకబట్టాయి. ఆ ఏడు ఆ ఇంటికి దక్కింది ఒక్క పూట కూర. అర కిలో కూడా లేదు. అయినా ఆ పూట అత్తా కోడలూ అందరితో పాటు కూర్చొని తిన్నారు.

రేకు మీద అక్షరం

చలికాలం వచ్చింది. తీగలు పసుపుబారి ఎండిపోయాయి. కోడలు భయపడింది. "చచ్చిపోయాయా అత్తయ్యా?" అంది.

"లేదే. తమ్ముడు చెప్పాడుగా. దుంపకు నిద్ర" అంది అత్త.

నిజమే. ఆకాకర తీగ చలికాలంలో ఎండిపోతుంది. దుంప నేలలో నిద్రపోతుంది. వేసవి వానలకో, తొలకరికో మళ్ళీ మేలుకుంటుంది. ఆ నిద్రలో దానికి ఎక్కువ నీళ్ళు పోయకూడదు. ఎండుటాకులు కప్పి వదిలేయాలి. పందికొక్కులు తవ్వకుండా పైన ముళ్ళకంప వేయాలి. చోటు కావలసి వస్తే దుంప తవ్వి, కుండలో పొడి ఇసుక పోసి, అందులో పెట్టి నీడలో దాచాలి.

కాని ఇక్కడే చిక్కు. తీగ ఎండాక ఏది ఆడదో ఏది మగదో ఎట్టా తెలుస్తుంది? దుంపలన్నీ ఒకేలా ఉంటాయి. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. గుడ్డ కడితే చివికిపోతుంది. గుర్తు పెట్టుకుందామంటే మరిచిపోతాం.

కోడలు అప్పటికి ఆరు నెలలుగా రాత్రి చదువుకు పోతోంది. అక్షరాలు వచ్చాయి. ఒత్తులు నేర్చుకుంటోంది. చదువు ఎందుకని ఇంట్లో నవ్వేవాళ్ళు. ఆ రోజు ఆమె పాత డబ్బా రేకును ఆరు ముక్కలు చేసింది. మేకుతో గీసింది. ఐదింటి మీద 'ఆ' అని రాసింది. ఒకదాని మీద 'మ' అని రాసింది. వెదురు పుల్లలకు కట్టి పాదుల దగ్గర గుచ్చింది. పీకిన తీగ ఏదో, నిలిచిన తీగలు ఏవో ఆమెకు ఇంకా గుర్తున్నాయి కదా!

మాఘ మాసంలో ఆమె భర్త గేదెల పాక జరపాలనుకున్నాడు. గునపం తీసుకొని పెరట్లోకి వచ్చాడు. తీగలు లేవు. పందిరి మీద కట్టె ఎండి ఉంది. ఉత్త నేలే అనుకున్నాడు. అప్పుడు రేకులు కనిపించాయి.

"ఏందే ఇవి?"

"ఇక్కడ దుంపలు ఉన్నాయి. ఇది ఆడ, ఇది మగ. రాసి పెట్టా" అంది ఆమె.

అతను రేకును పట్టుకొని చూశాడు. ఒక్కో అక్షరమే. కాని అతను గునపం పక్కన పెట్టాడు. పాక ఇంకో వైపు వేశాడు.

దీపాలు పెట్టే వేళ

మరుసటి ఏడు తొలకరికి ఆరు దుంపలూ మేలుకున్నాయి. ఈసారి తీగలు బలంగా వచ్చాయి. పూత వచ్చింది.

ఆడపువ్వును గుర్తుపట్టడం తేలిక. పువ్వు కిందనే ముళ్ళు ముళ్ళుగా చిన్న పిందె ఉంటుంది. మగపువ్వు కింద పిందె ఉండదు. సన్నని కాడ ఉంటుంది. పువ్వుకు కాస్త కింద దొప్పలాంటి చిన్న ఆకు ఉంటుంది.

అడవి రకం, అంటే చిన్నకాయ రకం, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు విచ్చుతుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగులు పుప్పొడిని మోస్తాయి. పెద్దకాయ రకం కూడా ఒకటి ఉంది. దాని పువ్వు తెల్లవారి విచ్చుతుంది. అర్కా భరత్ ఆ పెద్దకాయ రకమే.

పురుగులు తక్కువగా ఉన్న చోట పిందె పట్టదు. పత్తికీ మిరపకూ మందులు కొట్టే ఊళ్ళలో మంచి పురుగులు కూడా చచ్చిపోతాయి. అందుకని అత్తా కోడలూ ఆ పని తామే చేశారు. సాయంత్రం కూలి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటారు. పందిరి కిందికి వెళతారు. విచ్చిన మగపువ్వు ఒకటి తెంపుతారు. రేకలు తుంచేస్తారు. నడుమ ఉన్న పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా తాకిస్తారు. ఒక్క మగపువ్వుతో నాలుగైదు ఆడపూలను తాకించవచ్చు. పది నిమిషాల పని.

ఇక పిందెలు రాలలేదు. రెండు వారాల్లో కాయలు కోతకు వచ్చాయి. పచ్చగా, లేతగా ఉన్నప్పుడే కోశారు. రెండు మూడు రోజులకొకసారి కోశారు. వదిలేస్తే కాయ పసుపుబారి పగులుతుంది. గింజ గట్టిపడుతుంది. కోసేకొద్దీ తీగ ఇంకా పూస్తుంది.

ఎనిమిది, పది ఆడతీగలకు ఒక మగతీగ చాలు. కాని పెరట్లో ఒక్కటే మగతీగ ఉండి అది చస్తే ఆ ఏడు కాయ లేనట్టే. చోటు ఉంటే రెండు ఉంచుకోవడం మంచిది.

మందు డబ్బా వద్దు

ఆ ఏడు ఆకుల మీద చుక్కల పురుగులు పడ్డాయి. వాటిని అక్షింతల పురుగులు అంటారు. ఆకును జల్లెడ చేస్తాయి. భర్త మిరప చేనుకు మందు కొట్టి వచ్చాడు. పంపులో కాస్త మిగిలింది. "పాదుల మీద కొట్టనా?" అన్నాడు.

"వద్దు. అది ఎల్లుండి మన కంచంలోకే వస్తుంది" అంది కోడలు.

ఆమె మాట నిజం. పెరటి కాయను రెండు రోజులకొకసారి కోస్తాం. ఇవాళ కొట్టిన మందు ఆరకముందే తింటాం. మోనోక్రోటోఫాస్ అనే మందును పత్తికి ఎంతోకాలం వాడారు. దాన్ని కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. మందు డబ్బా మీద అక్షరాలు ఉంటాయి. ఏ పంటకో, ఎంత విషమో అందులో రాసి ఉంటుంది. చదువు వచ్చినవాళ్ళు చదివి ఇంట్లో చెప్పాలి. ఖాళీ మందు డబ్బాతో పాదులకు నీళ్ళు పోయకూడదు. వంటింట్లోకి అసలు తేకూడదు.

మరి పురుగులకు ఏం చేయాలి? కోడలు చేసిన పని ఇది. పొద్దున్నే పురుగుల్ని చేత్తో ఏరింది. సబ్బు నీళ్ళలో వేసింది. ఆకు అడుగున పసుపు గుడ్ల గుంపు ఉంటే ఆ ఆకు తుంచింది. పావుకిలో వేపగింజల పప్పు దంచింది. గుడ్డలో మూట కట్టి రాత్రంతా నీళ్ళలో నానబెట్టింది. పొద్దున పిండి, వడగట్టింది. మొత్తం ఐదు లీటర్లు అయ్యేట్టు నీళ్ళు కలిపింది. కాస్త సబ్బు నురగ కలిపింది. సాయంత్రం ఆకుల మీద చల్లింది. ఈగ కుట్టిన కాయలు మెత్తబడి రాలితే పెంటలో వేయలేదు. లోతుగా గొయ్యి తీసి పూడ్చింది. పైన వేస్తే లోపలి పురుగు మళ్ళీ ఈగ అవుతుంది.

ఊరంతా పాదులు

మూడో ఏడు పక్కింటామె వచ్చింది. "రెండు పండు కాయలు ఇవ్వమ్మా. గింజలు వేసుకుంటా" అంది.

"గింజలు వద్దు పిన్నీ. గింజ మొలవడం కష్టం. మొలిచినా సగం మగవి అవుతాయి, సగం ఆడవి అవుతాయి. పూసేదాకా ఏదో తెలియదు. దుంప అయితే అట్టా కాదు. ఆడతీగ దుంప ఆడతీగే అవుతుంది. మగతీగ దుంప మగతీగే అవుతుంది. తొలకరికి రండి. ఇస్తా" అంది కోడలు.

రెండు మూడు ఏళ్ళలో దుంప లావెక్కుతుంది. పక్కన పిల్లదుంపలు కూడా వస్తాయి. వేసవి చివర, మొలక రాకముందు, మెల్లగా తవ్వాలి. ప్రతి ముక్కకూ మొలక కన్ను ఉండేట్టు విడదీయాలి. కోసిన చోట బూడిద అద్దాలి. రెండు రోజులు నీడలో ఆరనిచ్చి నాటాలి. తల్లి దుంపను మళ్ళీ దాని చోటనే పెట్టాలి.

కోడలు నాలుగు ఇళ్ళకు దుంపలు ఇచ్చింది. ప్రతి దుంపకూ రేకు ముక్క కట్టింది. పక్కింటామెకు మూడు 'ఆ'లు, ఒక 'మ' ఇచ్చింది.

పక్కింటామెకు చదువు రాదు. రేకును అటూ ఇటూ తిప్పింది. "ఇందులో ఏది ఏదే?" అంది.

అత్త దగ్గరికి వచ్చింది. ఆమె కూడా చదువుకు పోయేది కాదు. కాని రెండేళ్ళు రోజూ ఆ రేకుల మధ్యే తిరిగింది. రేకు మీద వేలు పెట్టింది.

"ఇది 'ఆ', ఆడతీగ. ఇది 'మ', మగతీగ. పూలే పూస్తుంది, కాయదు. పీకావంటే నీ పందిరంతా పోతుంది. ఇంకో మాట విను. కాయ పట్టకపోతే తీగను తిట్టకు. ముందు నా దగ్గరికి రా" అంది.

ఆ రాత్రి చదువుకు ఆ ఇంటి నుంచి ఇద్దరు వెళ్ళారు. పలక పట్టుకొని కోడలు ముందు, వెనక అత్త.

అక్కలారా! ఈ తొలకరికి మీ పెరట్లో ఒక మూల చూడండి. నాలుగు పాదుల చోటు చాలు. దుంపల కోసం సాగు చేసే చుట్టాలను అడగండి. ఊళ్ళోని ఉద్యాన శాఖ సహాయకులను అడగండి. దుంప ఇచ్చేవాళ్ళను ముందుగా ఒక్క మాట అడగండి. ఏది ఆడ? ఏది మగ? చెప్పిన వెంటనే రేకు మీద రాసుకోండి. మీ చేత్తోనే రాసుకోండి.

గుర్తుంచుకోండి

జూన్ నెలలో, తొలకరి పడ్డాక దుంప నాటాలి.
మట్టి దిబ్బ చేసి నాటాలి. నీళ్ళు నిలవనివ్వకూడదు.
మగతీగను పీకకూడదు.
సాయంత్రం పువ్వుకు పువ్వు తాకించాలి.
లేత కాయ కోయాలి.
చలికాలంలో తీగ ఎండితే దుంపను తవ్వి పారేయకూడదు.
ప్రతి పాదు దగ్గర 'ఆ' లేదా 'మ' రాసి పెట్టాలి.

చదివి చెప్పండి

1. ఐదు తీగల పిందెలు ఎందుకు రాలిపోయాయి?
2. పక్కింటామె అన్న మాటకు అత్త ఎందుకు బాధపడింది?
3. గింజ కన్నా దుంప నాటడం ఎందుకు మంచిది?
4. భర్త గునపం ఎందుకు పక్కన పెట్టాడు?
5. మీ ఇంట్లో ఉన్న ఒక మందు డబ్బా మీద ఏం రాసి ఉందో తాకకుండా చదివి, రేపు కేంద్రంలో చెప్పండి.